కస్తూరి సైకిలు, మామిడి పూత

1984 జనవరి 22, ఆదివారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు మా మనవరాలు కస్తూరికి మొదటిసారి ఊపిరి అందలేదు. ఆ సమయానికి నేను ఇంట్లో ఉన్నాను. తను నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్ళే రోడ్డు మీద, ఎత్తు ఎక్కడం పూర్తయ్యే చోట సైకిలు దిగి, పక్కనున్న రాయి మీద కూర్చుండిపోయిందట. ఎన్ని గంటలకని అడిగాను. పందేలకు సాధన చేసే పిల్ల కనుక ఎత్తు ఎక్కిన ప్రతిసారీ చేతి గడియారం చూసుకుంటుంది. ఆరూ ఇరవై అని చెప్పింది. ఆ చిన్న మాట చెప్పడానికి రెండుసార్లు ఆగింది. గొంతులో సన్నగా ఈల వేసినట్టు శబ్దం వస్తోంది. అప్పుడు తనకు పదిహేడేళ్ళు.

ఇప్పుడు 1989 ఏప్రిల్. నాకు డెబ్బై ఒకటి. గండం గడిచిందని చెప్పుకోవడానికి ఒక ఏడాది చాలదని నేనే ఇన్నాళ్ళూ ఆగాను. మూడు చలికాలాలు సవ్యంగా గడిచాక, నాలుగోది కూడా దాటాక ఇది రాస్తున్నాను. ఇలాంటిది ఇంట్లో జరిగినవాళ్ళకు పనికొస్తుందని ఒక కారణం. ఏది ముందో ఏది వెనకో వరసగా పెట్టుకుంటే గానీ నా మనసు కుదుటపడదు, అది రెండో కారణం.

మాది నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే ఇల్లు. మా అబ్బాయి వెంకటేశ్వర్లు ముసునూరు, రెడ్డిగూడెం వైపు తోటలు గుత్తకు తీసుకుంటాడు. మా వ్యాపారంలో బేరం కాయ మీద కాదు, పూత మీద జరుగుతుంది. చెట్టు పూసినప్పుడే తోట ఎంత కాస్తుందో అంచనా కట్టి, రైతుతో మాట ఖాయం చేసుకోవాలి. అందుకని జనవరి వచ్చిందంటే మా వాడు చూసిన ప్రతి తోట నుంచీ కొన్ని పూత రెమ్మలు కోసి, దారం కట్టి ఇంటికి తెస్తాడు. వాటిని తెల్లగుడ్డ మీద దులపాలి. పూత రసం పీల్చే తేనెమంచు పురుగు ఎంత రాలింది, పిందె కట్టే పువ్వు ఎంతుంది, మాడిపోయింది ఎంత, అన్నీ ఆ గుడ్డ మీద తెలుస్తాయి. మా మామగారి కాలం నుంచీ ఇదే పద్ధతి.

గుడ్డ ముందు కూర్చునే పని చిన్నప్పటి నుంచీ కస్తూరిది. తన కళ్ళు చురుకు. మొహం గుడ్డకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూసి, "ఇది తీసుకో నాన్నా, ఇది మాత్రం వద్దు" అని తేల్చేసేది. వెంకటేశ్వర్లు గారు ఇంటికెళ్ళి కూతుర్ని అడిగొస్తే గానీ ధర చెప్పరని రైతులు వేళాకోళం చేసేవాళ్ళు. మా వాడికి అది గొప్పగానే ఉండేది.

ఇక సైకిలు సంగతి. 1981లో స్కూలు పోటీల్లో డ్రిల్లు మాస్టారు ప్రసాదరావు గారు ఆడపిల్లలకు సైకిలు పందెం పెట్టారు. కస్తూరి తండ్రి సైకిలు, అడ్డకమ్మీ ఉన్నది, తీసుకెళ్ళి మొదట వచ్చింది. మరుసటి ఏడు జిల్లాలో ఫస్టు. అప్పుడు మాస్టారు విజయవాడ తీసుకెళ్ళి, వంకర హ్యాండిలు ఉన్న రేసు సైకిలు కొనిపించారు. 1983 నవంబరులో విశాఖపట్నం దగ్గర కొండదారి మీద రాష్ట్ర పోటీ జరిగితే అందులోనూ ఫస్టు. ఎక్కడంలో తనకంటే బలమైన పిల్లలు ఉన్నారు. దిగడంలో లేరు.

"అందరూ దిగుడు రాగానే బ్రేకు పట్టుకుంటారండీ," అని మాస్టారు నాకు చెప్పారు. "మీ పిల్ల ఒళ్ళు వాలుస్తుంది. మలుపు ఎటుంటే అటు. అది నేను నేర్పింది కాదండీ."

నేను ఆ పోటీకి వెళ్ళాను. ఒక మలుపు దగ్గర నిలబడ్డాను. పై నుంచి వచ్చింది, మోకాలు రోడ్డుకి తగులుతుందేమో అన్నంతగా వంగింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి దారి ఖాళీగా ఉంది, చక్రాల చప్పుడు కింద ఎక్కడో వినిపిస్తోంది. మా కోడలు నాగమణికి మాత్రం ఆ సైకిలంటే మొదటి నుంచీ గిట్టదు. "ఊపిరంతా రోడ్ల మీద పోసి వస్తోంది, ఇంట్లో పిలిస్తే పలకడానికి మిగలట్లేదు," అనేది. అప్పుడది ఉత్త ఎత్తిపొడుపు మాట.

1984, జనవరి నుంచి నవంబరు

మొదటి రోజు జలుబనుకున్నాం. మిరియాల పాలు ఇచ్చాం. నాలుగు రోజులకు మళ్ళీ వచ్చింది, ఈసారి రోడ్డు మీద కాదు, వంటింట్లో. ఊళ్ళో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడి బెంచీ పొడవాటిది, ఒక కాలు పొట్టి. ఎవరు లేచినా మిగిలినవాళ్ళందరూ ఒరిగేవాళ్ళు. కస్తూరి వెనక్కి ఆనుకోలేక, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి ముందుకు వంగి కూర్చుంది. ఆయాసం ఉన్నవాళ్ళు అలాగే కూర్చుంటారని అప్పుడు నాకు తెలియదు. పక్కన ముసునూరు నుంచి వచ్చిన ఒక కూలి మనిషి, చంకలో బిడ్డ, తన విసనకర్రతో మా పిల్లకి విసరసాగింది. వద్దమ్మా అన్నాను. "మా వాడికి నిద్రపట్టిందిలెండి, చెయ్యి ఖాళీగానే ఉంది," అంది. పేరు అడగలేదు. ఇప్పటికీ అది నాకు వెలితిగానే ఉంది.

డాక్టరు ఛాతీ చూసి ఉబ్బసం అన్నాడు. నాగమణి తలుపు వైపు చూసి, "కాస్త మెల్లిగా చెప్పండి డాక్టరుగారూ," అంది. ఏం చేస్తుంటుంది మీ అమ్మాయి అని ఆయన అడిగాడు. తెల్లవారుజామున సైకిలు తొక్కుతుందని చెప్పాం. మంచులో ఆ గాలి పీలిస్తే రాక ఏమవుతుంది అన్నాడు. అంతే. ఇంట్లో అందరికీ దోషి దొరికింది.

సైకిలు ఆపించాం. మంచం మీద ఉండమన్నాం. పిల్లకి తోచడం లేదని, కూర్చుని చేసే పని కదా అని, మా వాడు ఆ ఏడు ఇంకా ఎక్కువ తోటల నుంచి పూత రెమ్మలు తెచ్చి మంచం పక్కనే పెట్టేవాడు. తను దులిపి చూసేది. మధ్యలో దగ్గు వస్తే ఆగేది. నేనే ఆ గుడ్డ వీధిలో దులిపి, మడత పెట్టి, మళ్ళీ తన తలగడ దగ్గర పెట్టేదాన్ని. ఎవరికీ వేరే ఆలోచన రాలేదు. మామిడి పూత చెడ్డదని అనుకునే బుర్ర మా ఊళ్ళో ఎవరికీ ఉండదు. అది మాకు అన్నం.

మార్చి సగానికి నెమ్మదించింది. సైకిలు మానేసింది, జబ్బు పోయిందన్నారు అందరూ. జూన్‌లో మృగశిర కార్తెకు హైదరాబాదు తీసుకెళ్ళి ఉబ్బసానికి ఇచ్చే చేప మందు వేయించాం. మేం శాకాహారులం కనుక బెల్లంలో పెట్టి ఇచ్చారు. ఎండలో, వరసలో, మా ముందున్న ఒక ముసలాయన కస్తూరికి తన చోటు ఇచ్చి వెనక్కి జరిగాడు. ఆ తర్వాత ఆరు నెలలు పిల్ల ఒక్కసారి కూడా దగ్గలేదు. మందు గురించి నేను మంచీ చెడూ చెప్పను. ఆ ఆరు నెలలూ ఏ మామిడి చెట్టూ పూయలేదన్నది మాత్రం నిజం, అది మాకు అప్పుడు తట్టలేదు.

జులైలో మళ్ళీ సైకిలు ఎక్కింది. నాగమణి వారం రోజులు కూతురితో మాట్లాడలేదు. నవంబరులో అదే కొండదారి మీద రాష్ట్ర పోటీ. మళ్ళీ ఫస్టు.

1985, జనవరి, ఫిబ్రవరి

ఈసారి జనవరి ఒకటి దాటిన వారానికే మొదలైంది. నాగమణి ఒక్క మాట కూడా అనకుండా సైకిలు తీసుకెళ్ళి, కొట్టుగదిలో గోడకున్న మేకులకు తగిలించింది. తాళం చెవి కొంగున ముడేసుకుంది. కస్తూరి కూడా అడగలేదు. అడగడానికి ఊపిరి కావాలి.

చూడవచ్చినవాళ్ళందరూ ఒకటే సలహా ఇచ్చారు. ఊళ్ళో దుమ్ము, లారీల పొగ. తోటలో పెట్టండి, మంచి గాలి, పచ్చటి చెట్లు. మాకూ సబబుగానే తోచింది. రెడ్డిగూడెం దగ్గర ఆ ఏడు మా వాడు గుత్తకు మాట్లాడుతున్న తోటలో కాపలా పాక ఉంది. దాన్ని అలికించి, మంచం వేయించి, నన్నూ కస్తూరినీ అక్కడ దింపాడు.

నేను అబద్ధం రాయను, ఆ తోట ఎంత బాగుందో చెప్పాలి. ఆకు కనపడకుండా పూసింది. గాలి తియ్యగా ఉంది. ఆకుల మీద తేనె కారి, కింద ఎండుటాకులు పాదాలకు అంటుకునేవి. పాక చూరు మీద కూడా పసుపుపచ్చటి పొడి. నేను మంచం చెట్టు కిందకి లాగించి, "గట్టిగా పీల్చు అమ్మా, మంచి గాలి," అన్నాను.

"పీలుస్తున్నా నానమ్మా. లోపలికి వెళ్ళట్లేదు," అంది.

జనవరి 27, ఆదివారం మధ్యాహ్నం. పెదవులు నేరేడుపండు రంగుకు వచ్చాయి. నా మణికట్టు పట్టుకుంది. హ్యాండిలు పట్టుకునే చెయ్యి కదా, గట్టి చెయ్యి. తర్వాత ఆ పట్టు వదులవడం మొదలైంది. భయమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నా భర్త పోయినప్పటి దుఃఖం తెలుసు, ఇది వేరు. చెట్లకు మందు కొట్టే మనుషుల్ని తెచ్చిన జీపు ఒకటి తోట చివర ఆగి ఉంది. ఆ డ్రైవరు డబ్బాలన్నీ కింద పడేసి, కస్తూరిని ఎత్తి కూర్చోబెట్టి, విజయవాడ దాకా హారను మీద నుంచి చెయ్యి తీయలేదు. దారిలో నేను అరచేయి తన వీపు మీద పెట్టి ఉంచాను. లేస్తోందా లేదా అన్నది తప్ప ఇంకేమీ చూడలేదు.

విజయవాడలో మేం చేరిన ఆస్పత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. ఆక్సిజన్ పెట్టారు, సూదులు వేశారు. బయట వరండాలో చాపల మీద జనం. భర్తను చేర్పించిన ఒకావిడ తన చాపలో సగం నాకు ఇచ్చింది. ఇద్దరం ఒకరి వీపు ఒకరికి ఆనించి కూర్చున్నాం. ఆవిడ భర్త రెండో రోజు పోయాడు. వెళ్ళేటప్పుడు చాప చుట్టుకోలేదు. "మీకు ఇంకా పనుంది కదండీ," అని నాకే వదిలి వెళ్ళింది.

నాలుగో రోజుకు కస్తూరి లేచి కూర్చుని ఇడ్లీ తిన్నది. మా కోడలు, "ఇంక ఆ సైకిలు మాట ఎత్తితే నా మీద ఒట్టు," అంది. కస్తూరి గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడిస్తే మళ్ళీ ఆయాసం వస్తుందని ఏడుపు ఆపుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్న మా వాడు ఊరి నుంచి మళ్ళీ వచ్చాడు. చేతిలో తువ్వాలు మూట. కూతురి మొహం చూశాడు, మూట విప్పాడు. మూడు తోటల పూత రెమ్మలు. "నువ్వు చూడలేదని ఏ బేరమూ కుదుర్చుకోలేదే. ఊరికే చూసి చెప్పు, చాలు," అన్నాడు.

ఐదు రోజుల తర్వాత కస్తూరి నవ్వింది. ఆస్పత్రి దుప్పటి తెల్లదే. రెమ్మ దులిపింది, మొహం వంచింది. "ఇది రెడ్డిగూడెం తోట కదా. బావుంది నాన్నా, తీసుకో." రెండోది దులిపింది. "దీనికి పురుగు పట్టింది. ఆయన మందు కొట్టాను అని చెప్పుంటాడు, కొట్టలేదు." మూడోది చేతిలోకి తీసుకుంటుండగా ఈల మొదలైంది.

అదే సమయానికి డాక్టరమ్మగారు గదిలోకి వచ్చారు. నలభై ఏళ్ళావిడ, తక్కువ మాట్లాడతారు. ముందు పిల్ల సంగతి చూశారు. ఈల తగ్గాక దుప్పటి మీదున్న పసుపుపచ్చ పొడిని వేలితో తీసి చూసుకున్నారు.

"ఇది ఎవరు తెచ్చారు?"

"నేనేనండీ," అన్నాడు మా వాడు. "మా అమ్మాయి చూస్తే గానీ మేం తోట బేరం చెప్పమండీ."

"రోజూ చూస్తుందా?"

"పూత ఉన్నన్నాళ్ళూ చూస్తుందండీ. చిన్నప్పటి నుంచీ."

"ఆయాసం వచ్చేది ఏ నెలల్లో?"

నేను చెప్పాను. రెండేళ్ళవీ చెప్పాను. ఆగిందెప్పుడో కూడా చెప్పాను. ఆవిడ నా వైపు తిరిగి, "మధ్యలో సైకిలు తొక్కిందా?" అని అడిగారు. జులై నుంచి డిసెంబరు దాకా తొక్కింది, రాష్ట్రం ఫస్టు కూడా వచ్చింది, ఏమీ కాలేదని చెప్పాను.

"నాకు అనుమానం సైకిలు మీద కాదండీ, ఈ పూత మీద," అన్నారు ఆవిడ. "అందరికీ పడదని కాదు. ఈ పిల్లకి పడటం లేదనిపిస్తోంది. వచ్చే ఏడు పూత రాకముందే తోటలు లేని చోటికి పంపండి. అక్కడ రాకపోతే నేను అన్నది నిజం."

మా వాడు తువ్వాలు మడిచాడు, విప్పాడు. "మామిడి పూత ఎవరికైనా చేటు చేస్తుందా అండీ," అన్నాడు చివరికి. అది ప్రశ్న కాదు.

1985, ఫిబ్రవరి నుంచి నవంబరు

ఆస్పత్రి నుంచి వదిలాక కూడా మార్చి దాకా విజయవాడలోనే గది తీసుకుని ఉన్నాం. కస్తూరీ నేనూ. మా వాడు ఆ ఏడు రెడ్డిగూడెం తోట తీసుకోలేదు. అడిగితే ధర కుదరలేదన్నాడు.

ఏప్రిల్‌లో ఇంటికి వచ్చాం. పెరట్లోకి వెళ్ళిన కస్తూరి అక్కడే ఆగిపోయింది. మా పెద్దరసం మామిడి చెట్టు, మా అత్తగారు నాటింది, లేదు. మొద్దు మాత్రం ఉంది, దాని మీద ఇసక పోసి ఉంది.

"చెట్టేది నాన్నా?"

"పురుగు పట్టింది," అన్నాడు, అటు చూడకుండా.

మా ఇంట్లో పురుగు పట్టిన చెట్టు కస్తూరికి తెలియకుండా ఉండదు. ఆ సంగతి మా వాడికీ తెలుసు. కస్తూరి సాయంత్రం తండ్రికి కాఫీ తనే కలిపి ఇచ్చింది. తర్వాత నాగమణి నాకు చెప్పింది, పూత మీదున్న చెట్టును ఎవరినీ పిలవకుండా తనే కొట్టాడని, ఆ రోజు అన్నం తినలేదని. ఈ మాట నేను డాక్టరమ్మగారికి చెబితే ఆవిడ, "ఊరి చుట్టూ వేల చెట్లున్నాయి కదండీ, ఒక్కటి కొడితే ఏమవుతుంది," అన్నారు. నిజమే. ఆ చెట్టు వల్ల ఏమీ మారలేదు.

నాగమణికి డాక్టరమ్మగారి మాట మీద నమ్మకం కుదరలేదు. తను చెడ్డది కాదు. ఒక్కగానొక్క పిల్లను ఆక్సిజన్ పెట్టిన మంచం మీద చూసిన తల్లి. "సైకిలు మానేస్తే పోయేదానికి ఊరు మానేయమంటుందేంటి అత్తయ్యా ఆవిడ? అందరూ పీల్చే గాలే కదా. అందరూ తొక్కని సైకిలు కదా," అనేది. ఆ మాటలో తర్కం ఉంది.

నవంబరు చివర ఒక రోజు భోజనాల దగ్గర కస్తూరే తేల్చింది.

"బందరు వెళ్తాను. అక్కడ తోటల్లేవు, సముద్రం గాలి. కానీ సైకిలు తీసుకెళ్తాను. రోజూ తొక్కుతాను, తెల్లవారుజామునే తొక్కుతాను."

"జబ్బు వస్తే?" అంది నాగమణి.

"తొక్కినా రాకపోతే తప్పు సైకిల్‌ది కాదు. వస్తే నువ్వే అమ్మేయ్. ఎవరికి అమ్మావని కూడా అడగను."

నాగమణి కొంగు ముడి విప్పి, తాళం చెవి పళ్ళెం పక్కన పెట్టింది. "మాట మీద ఉండు," అంది. మా వాడు మజ్జిగ పోసుకుంటూ, "పొరపాటున సైకిలు గెలిచిందంటే మీ అమ్మ ఇంక దానికి కూడా బొట్టు పెడుతుంది," అన్నాడు. ఎవరం నవ్వలేదు గానీ, ఆ ఇంట్లో చాలా నెలల తర్వాత వినిపించిన మొదటి వేళాకోళం అది.

1985 డిసెంబరు నుంచి 1986 మార్చి

డిసెంబరు 1, ఆదివారం బందరులో దిగాం. ఒక గది, ముందు చిన్న వరండా, పెరట్లో బావి. ఇంటావిడ రెండో రోజే, "మీ మనవరాలు పేపర్లు వేస్తుందాండీ?" అని అడిగింది. అంత పొద్దున్నే సైకిలు మీద పోయేది పేపర్లవాళ్ళే కదా. కస్తూరి రోజూ మంగినపూడి సముద్రపు ఒడ్డు దాకా వెళ్ళి వచ్చేది. దారంతా తాటిచెట్లు, సర్వీ చెట్లు, ఎదురు గాలి. ఎత్తు లేదు, దిగుడు లేదు. "నేల మీద గీత గీసినట్టుంది నానమ్మా. నిద్రొస్తోంది," అనేది.

నేను వరండాలో కూర్చుని వీధి మలుపు చూసేదాన్ని. రాగానే పలకరించేదాన్ని కాదు. ముందు వినేదాన్ని. గేటు తీసి, సైకిలు గోడకు ఆనించి, చెప్పులు విప్పేలోపు తన ఊపిరి ఎలా ఉందో వినేదాన్ని. పరుగెత్తి వచ్చిన మనిషి ఊపిరి వేరు, ఈల వేరు. ఆ తేడా వినడానికి నా చెవులు అంత పదును పడతాయని నేను అనుకోలేదు. కస్తూరికి ఇది తెలుసు. ఒకరోజు కావాలనే నోటితో ఈల వేసుకుంటూ గేటు తీసింది. నా మొహం చూశాక చెంపలు వేసుకుని, ఆ పని మళ్ళీ చేయలేదు.

డిసెంబరు గడిచింది. జనవరి వచ్చింది. నూజివీడులో పూత బ్రహ్మాండంగా ఉందని మా వాడు కార్డు రాశాడు. ఆ కార్డు నేను వరండాలోనే చదివి, లోపలికి తేకుండా పెరట్లో నీళ్ళు కాచే పొయ్యిలో వేశాను. అది పిచ్చితనమే. కానీ అది తోటల్లో తిరిగే మనిషి జేబులో నుంచి వచ్చిన కార్డు.

జనవరి 19, ఆదివారం నాగమణి వచ్చింది. కస్తూరి రోడ్డు మీద ఉంది. గేటు దగ్గరే ఆగిపోయి, "అత్తయ్యా, లోపలికి రాను. ముందు బావి ఎటో చెప్పండి," అంది. చేతిలో కొత్త కాగితం పొట్లం. బస్సు దిగి బజారులో చీరా రవికా కొనుక్కుంది. నూజివీడు నుంచి కట్టుకొచ్చిన చీరతో కూతురి గదిలోకి అడుగు పెట్టనంది. ఆ చలిలో తల మీద నుంచి నీళ్ళు పోసుకుంది, జుట్టు రెండుసార్లు కుంకుడుకాయతో రుద్దుకుంది, వచ్చిన చీర తడిపి దూరంగా కంచె మీద ఆరేసింది. అప్పుడు గానీ వరండా ఎక్కలేదు.

తనే, తల తుడుచుకుంటూ, "అక్కడ ఇల్లు ఊడుస్తుంటే చీపురుకి పచ్చగా వస్తోందండీ. ఇన్నేళ్ళు అది చెత్త అనే అనుకోలేదు," అంది.

కస్తూరి వచ్చింది. తల్లిని చూసి గేటు దగ్గరే నిలబడింది. నాగమణి లేచి వెళ్ళి, కూతురి చేతిలో సైకిలు అందుకుని, తనే గోడకు ఆనించింది. టైరుకి ఇసక ఉంటే కొంగుతో తుడవబోయి, కొత్త చీర అని గుర్తొచ్చి ఆగింది. "మసి గుడ్డ ఏదన్నా ఉందాండీ?" అని ఇంటావిడను అడిగింది. మా ఇంట్లో జరిగిన తగాదాకు తీర్పు అది.

మార్చి చివరి దాకా ఉన్నాం. ఈల రాలేదు. ఒక్క రోజు కూడా రాలేదు.

1986 నుంచి 1988

దీని తర్వాత అంతా సుఖమే అని రాస్తే తప్పవుతుంది. ఊపిరి నిలిచింది, సైకిలూ నిలిచింది. కానీ ఏడాదిలో నాలుగు నెలలు, అసలు పోటీలకు సిద్ధం కావలసిన నెలలు, చదును నేల మీద గడిచాయి. 1986 నవంబరులో మూడోసారి రాష్ట్రం ఫస్టు వచ్చింది, చక్రం వాసి తేడాతో. 1987 ఫిబ్రవరిలో ఉత్తరాదిన జరిగిన జాతీయ పోటీలో ఏడో స్థానం. ఎక్కేటప్పుడు మూడో మనిషిగా ఉందట. దిగేటప్పుడు నలుగురు దాటిపోయారు. మాస్టారు తిరిగి వచ్చి ఈ సంగతి చెబుతూ, "దిగేటప్పుడండీ," అని రెండుసార్లు అన్నారు. ఆయనకే నమ్మకం కలగలేదు.

1987 నవంబరు పోటీకి నేను మళ్ళీ అదే మలుపు దగ్గర నిలబడ్డాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు. అవసరం రాలేదు. కస్తూరి నిటారుగా, బ్రేకు మీద వేళ్ళతో, జాగ్రత్తగా వచ్చింది. నన్ను చూసింది కూడా. అంతకుముందు ఎప్పుడూ ఆ మలుపులో తను ఎవరినీ చూడలేదు. నాలుగో స్థానం.

ఆ చలికాలం బందరు గదిలో ఒక సాయంత్రం చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పింది.

"ఊపిరి గురించి కాదు నానమ్మా. ఊపిరి బావుంది. తోటలో ఆ రోజు నీ చెయ్యి పట్టుకున్నాను చూడు, పట్టు జారుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఇప్పుడు దిగుడు రాగానే చేతులకి అదే గుర్తొస్తోంది. నేను మర్చిపోయినా అవి మర్చిపోవట్లేదు."

"మాస్టారితో చెప్పావా?"

"చెప్పాను. ఆయన టీ ఇప్పించారు."

ఆ తర్వాత పోటీకి పేరు ఇవ్వలేదు. 1988 జూన్‌లో బందరులోనే ఒక బాలికల స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరింది. సైకిలు మీదే వెళ్తుంది. వేసవి సెలవులకు ఇంటికి వస్తుంది, బుట్టలో చెయ్యి పెట్టి రసాలు తింటుంది. పండుతో ఏ ఇబ్బందీ లేదు. "పువ్వుతోనే నాకు తగాదా, కాయతో మాటలున్నాయి," అంటుంది. డిసెంబరులో మాత్రం నూజివీడు బస్సు ఎక్కదు.

పూత అందరికీ చేటని నేను రాయడం లేదు. మా ఊరి జనమంతా ఆ గాలే పీల్చి బతుకుతున్నారు, నేనూ అందులోనే డెబ్బై ఏళ్ళు దాటాను. మీ ఇంట్లో ఎవరికైనా ఆయాసం వస్తే, కంటికి నచ్చనిదాన్నే మొదట అనుమానించకండి. అన్నం పెట్టేదాన్ని కూడా ఒకసారి పక్కకి తీసి చూడండి. మేం అది చేయడానికి రెండు పూతలు పట్టింది.

పోయినవాటి లెక్క ఇది.

రెండు జనవరులు, మంచం మీదా ఆస్పత్రిలోనూ. మూడు చలికాలాల పాటు నాకు నా ఇల్లు. రెడ్డిగూడెం తోట, దాన్ని ఆ ఏడు వేరేవాళ్ళు తీసుకున్నారు, బాగా కాసింది. మా అత్తగారు నాటిన చెట్టు ఒకటి, అక్కరలేకుండా. మా అబ్బాయికి గుడ్డ ముందు కూర్చునే మనిషి. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని తనే చూసుకుంటున్నాడు, రెండుసార్లు మోసపోయాడు. జాతీయ పోటీలో ముగ్గురిలో ఒక చోటు. దిగుడు మీద ఒళ్ళు వాల్చే ధైర్యం. కస్తూరికి తను పుట్టిన ఊళ్ళో డిసెంబరు నుంచి మార్చి దాకా ఉన్న కాలం, బతికినన్నాళ్ళూ.

ఊపిరి పోలేదు. అందుకని దాన్ని ఇందులో వేయలేదు.